శిక్షాసంస్కారము – సంఘము వహింపవలసిన పూచీ

(అమీరుపేటలో జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను గోరినప్పుడు, భాషనుగూర్చియో పురాణేతిహాసములనుగూర్చియో ప్రసంగింతునని వారు తలచియుందురు. ముప్పదియైదేండ్లు పాఠశాలలో శబ్దమంజరియు రఘువంశమును బోధించి విశ్రాంతి పొందినవానికి చెఱసాలల ప్రసక్తి యేల యని మీలో కొందరికి దోపవచ్చును. శుభమా యని కూడిన సభలో ఈ యమంగళపు మాట యేల యనియు దోపవచ్చును. క్షమింపుడు. ఈ విషయమును నేను వెదకికొని పోలేదు. అదియే యొకనాటి రాత్రి నా గుమ్మమునకు వచ్చి తలుపు తట్టినది. నేను తలుపు తీసితినే కాని మనసు తీయలేదు. ఆ కథ తరువాత మనవి చేసెదను.

మొదట మాటయొక్క యర్థమును విచారింతము. శిక్ష యను శబ్దమునకు సంస్కృతమున అభ్యాసమనియు, నేర్పుట యనియు ముఖ్యార్థము. వేదాంగములలో శిక్ష యొకటి. ఈ నగరములోనే హిందీ మాటలాడు మన పొరుగువారు శిక్ష యనగా చదువనియే గ్రహింతురు. మన తెలుగున మాత్రమా మాట దండనార్థమున స్థిరపడినది. ఒకే మాట బడికిని చెఱకును చెల్లుట చూచి, బోధింపని శిక్ష శిక్షయే కాదని నాలో నేననుకొనుచుందును.

మన ధర్మశాస్త్రకారులు దండమును నాలుగు మెట్లుగా జెప్పిరి. మొదటిది వాగ్దండము, అనగా మందలింపు. రెండవది ధిగ్దండము, అనగా సిగ్గుపడునట్లు గట్టిగా నిందించుట. మూడవది ధనదండము. వీనికి లొంగనివానికే నాలుగవదియగు వధదండము. ఈ క్రమము మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున గలదు. కౌటిల్యుడు తన యర్థశాస్త్రమున, రాజుయొక్క జన్మనక్షత్రమునాడును పున్నమలనాడును బాలురను, వృద్ధులను, రోగులను, అనాథులను చెఱనుండి విడువవలయునని వ్రాసెను. పుణ్యశీలురును, ఒడంబడికకు గట్టుబడినవారును నిష్క్రయము చెల్లించి బయటికి రావచ్చుననియు జెప్పెను. మాటమీద విడిచిపెట్టుట మనకు క్రొత్తది కాదు. నేడు మనము వాడు పెరోలు అను మాటకును ఫ్రెంచి భాషలో మాట యనియే యర్థము.

అయితే శాస్త్రము చదివితిననుపేర సత్యమును దాచుట తగదు. ఆ స్మృతులలోనే ఒకే నేరమునకు వర్ణమునుబట్టి వేర్వేరు దండనలు విధింపబడినవి. మంచిని గ్రహించి, చెడ్డను చెడ్డయని యొప్పుకొనుటయే మనము చూపదగిన గౌరవము. ఆ భేదము స్మృతులతోనే పోలేదు. కొన్ని రాష్ట్రముల కారాగార నియమావళులలో వంటపని కొన్ని కులములవారికిని, ఊడ్పుపని మరికొన్ని కులములవారికిని ఒప్పగించు విధులు మొన్నమొన్నటివరకు నుండెను. 2024 అక్టోబరు 3వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము అట్టి విధులు రాజ్యాంగవిరుద్ధములని కొట్టివేసి, ఖైదీల దస్త్రములలో కులము వ్రాయు గడిని తొలగింపుడని యాజ్ఞాపించెను. కులము పేర గూడిన సభలో ఈ తీర్పును స్మరించుట నా విధి.

కులమునకే నేరముద్ర వేసిన కాలమును మన తాతలెరుగుదురు. 1871లో ఆంగ్లప్రభుత్వము చేసిన చట్టము కొన్ని జాతులను పుట్టుకచేతనే నేరస్థులుగా నెంచెను. తెలుగునాట 1913లో ఎరుకలవారి కొరకు సాల్వేషన్ ఆర్మీవారి యాజమాన్యమున స్టువర్టుపురము వెలసెను. ఆ చట్టము 1952లో రద్దయ్యెను. కాని ముద్ర జనుల నాలుకలమీద నిలిచిపోయెను. 1970 తరువాతి దశకమున హేమలతా లవణం దంపతులు ఆ యూరిలో సంస్కారకార్యమునకు బూనుకొని, ఆ కుటుంబములతో గలసిమెలసి పనిచేసిరి. చట్టము కాగితముమీది ముద్రను మాత్రమే చెరుపగలదు. తక్కినది మనుష్యుడు పోయి చేయి పట్టుకొన్నగాని చెరుగదని వారు చూపిరి.

ఇక నేటి చట్టముల సంగతి. 1958 నాటి ప్రొబేషను చట్టము మనలో నెందరెరుగుదురు? మొదటిసారి దొంగతనము వంటి చిన్న నేరము చేసినవానిని మందలించి విడువవచ్చునని యందు గలదు. ఇదియే మన వాగ్దండము. మరణశిక్షకుగాని యావజ్జీవశిక్షకుగాని పాత్రము కాని నేరము చేసినవానిని, సత్ప్రవర్తనకు ముచ్చలిక వ్రాయించుకొని విడువవచ్చును. ఇరువదియొక్క యేండ్లు నిండనివానిని, యావజ్జీవశిక్ష పడదగినంతటి నేరము కానిచో, తగిన కారణము వ్రాసినగాని కారాగారమునకు బంపరాదు. ఈ చట్టముక్రింద విడువబడినవానికి ఆ నేరనిర్ణయమువలన నెట్టి యనర్హతయు గలుగదు.

2024 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సమాజసేవ యను క్రొత్త శిక్ష చేరినది. అది యారు చిన్న నేరములకే వర్తించును. అయిదువేల రూపాయలకు దక్కువ వెలగల సొత్తు దొంగిలించి, మొదటిసారి దోషియై, దానిని తిరిగి యిచ్చినవానికి ఈ శిక్ష విధింతురు. త్రాగి బహిరంగస్థలమున నల్లరి చేసినవానికిని విధింపవచ్చును. దానితోబాటు వచ్చిన నాగరిక సురక్షా సంహిత 479వ విధి ప్రకారము, మునుపెన్నడు శిక్షపడనివాడు తనపై మోపిన నేరమునకు గల గరిష్ఠశిక్షలో మూడవవంతు విచారణలోనే గడపినచో ముచ్చలికపై విడుదల కర్హుడు. మరణమో యావజ్జీవమో పడదగిన నేరములకును, పలు వ్యాజ్యములున్నవారికిని ఇది వర్తింపదు. అర్హుని సంగతి న్యాయస్థానమునకు దెలుపు బాధ్యత కారాగారాధికారిదే.

ఇన్ని ద్వారములు తెరచియుండగా లోపల నింతమంది యేల? 2022 సంవత్సరాంతమున దేశములోని చెఱసాలలలో 5,73,220 మంది యుండిరి. అందు 4,34,302 మంది విచారణ ముగియనివారు. అనగా ప్రతి నలుగురిలో ముగ్గురు దోషులని తీర్పు పడినవారే కారు. వీరిలో బెయిలు మంజూరైనను పూచీ నిలుచువారు లేక లోపలనే యుండిపోవువారు గలరు. ప్రొబేషను చట్టములో సైతము, ముద్దాయికి గాని అతని పూచీదారునకు గాని స్థిరమైన నివాసమో నిలుకడగల వృత్తియో యుండవలయునను నియమము గలదు. సోదరులారా! చట్టము తలుపు తీసినను, బయట నిలిచి రమ్మని పిలుచువాడు లేనిచో ఆ తలుపు మూసినట్లే. ఈ నాటి నా యుపన్యాసమునకు సారమింతే.

ఈ ప్రొబేషను పద్ధతి యెట్లు పుట్టినదో వినుడు. 1841లో అమెరికాలోని బోస్టను నగరమున జాన్ అగస్టస్ అను చెప్పులు కుట్టువాడు పోలీసు న్యాయస్థానమున గూర్చుండి, కారాగారమునకు బంపబోవుచున్న యొక త్రాగుబోతును జూచెను. నేను పూచీ యని లేచి నిలిచెను. మూడు వారముల తరువాత వానిని తిరిగి తెచ్చి న్యాయాధిపతికి జూపగా, గుర్తుపట్టలేనంతగా మారియుండెనట. న్యాయాధిపతి నామమాత్రపు జుల్మానాతో వదలెను. ఆ చెప్పులు కుట్టు మహానుభావుడు 1859లో మరణించులోపల దాదాపు 2,000 మందికి పూచీ నిలిచెను. అతడు అధికారి కాడు, ధనికుడు కాడు. అతడు చేసిన పనిని చూచియే తరువాత ప్రభుత్వములు చట్టములు చేసినవి.

ఇప్పుడు నా కథ చెప్పెదను. ఏడెనిమిదేండ్ల క్రిందటి మాట. నా పూర్వశిష్యుడొకడు, ఇరువదేండ్లవాడు, మన కులపు బిడ్డడే, ఈ యమీరుపేటలో మైత్రీవనము దాపున కంప్యూటరు విద్య నేర్చుకొనుచు ఒక హాస్టలులో నుండెను. తండ్రి కౌలురైతు. రెండు నెలల రుసుము బాకీపడి, ప్రక్క మంచమువాని ల్యాప్‌టాప్ దీసి యమ్మెను. తప్పు తప్పే, దానిని సమర్థింపను. సొత్తు దొరికినది. పిల్లవానిని చంచల్‌గూడ జైలుకు బంపిరి. బెయిలు మంజూరైనది; ఇద్దరు స్థానికుల జామీను గావలసెను.

తండ్రి రాత్రి పది గంటలకు నా యింటికి వచ్చి, “సారూ, మీరు సంతకం పెడితే మావోడు బయటికొస్తడు. ఈ పట్నంల మీరు దప్ప నాకెవరున్నరు?” అనెను. నేను మంచినీళ్లిచ్చితిని, కూర్చుండబెట్టితిని. నా పేరు కోర్టు కాగితములకెక్కుటయా, వాడు పారిపోయినచో నా పింఛనేమగును, కుమార్తె వివాహ సంబంధములు చూచుచుంటిమే యని లోలోపల లెక్కలు వేసితిని. “రేపు చూతము” అంటిని. ఆయన మరల రాలేదు. నేను కబురు చేయలేదు.

ఆ పిల్లవాడు 41 దినములు లోపల నుండెను. తుదకు పూచీ నిలిచినదెవరు? ఆ హాస్టలులో వంటచేయు మనిషియొక్క యన్న, పురపాలక సంఘములో చిరుద్యోగి. తన జీతపుచీటి చూపి సంతకము చేసెను; రెండవ జామీనును న్యాయస్థానము సడలించెను. ఆయన మన కులమువాడు కాడు, మన జిల్లావాడును కాడు. తరువాత నాంపల్లి న్యాయస్థానములో పిల్లవాడు నేరమొప్పుకొనగా, వయస్సును, ప్రొబేషను అధికారి నివేదికను జూచి, ఏడాది సత్ప్రవర్తనకు ముచ్చలికపై విడిచిరి. కాని నేర్చుచున్న విద్య సగములో పోయెను. ఇప్పుడు పంజగుట్టలో విద్యుత్ పరికరములు బాగుచేయు దుకాణములో పనిచేయుచున్నాడు. ఒకనాడు ఫ్లైఓవరు క్రింద నెదురుపడి, “బాగున్నరా సార్” అని వంగి నమస్కరించెను. మరేమియు ననలేదు. పుస్తకములలో జదివిన ధిగ్దండమనగా నేమో నాకా దినమున దెలిసినది.

మీలో కొందరు, “మాస్టరుగారూ, మీరు దొంగలపై జాలి చూపుచున్నారు; నష్టపోయినవారి మాట యేమి?” యని యడుగుదురు. న్యాయమైన ప్రశ్న. 2016 జూలై 1వ తేదీన ఈ పంజగుట్టలోనే, మద్యము సేవించి కారు నడిపిన విద్యార్థులవలన ఒక బాలికయు, ఆమె కుటుంబములోని పెద్దలును ప్రాణములు గోల్పోయిరి. ఆ యింటివారి యెదుట నిలిచి క్షమను గూర్చి యుపన్యసించు ధైర్యము నాకు లేదు. సమాజసేవ యట్టి నేరములకు ఉద్దేశింపబడినదియు గాదు. కాని యోచింపుడు. ఆ కారులోనివారు బాలురు, చదువుకొనువారు. అంతకు ముందొకనాడు త్రాగి యల్లరిచేసి పట్టుబడినప్పుడే, ఆసుపత్రి క్షతగాత్రుల వార్డులో పది దినములు సేవచేయించినచో నేమగునో? చిన్న నేరమునాడు మంచి శిక్ష పెద్ద నేరమును నాపవచ్చును. ఈ నగరములో త్రాగి వాహనములు నడిపిన కొందరిచేత న్యాయస్థానములు కూడళ్లయందు హెచ్చరిక ఫలకములు పట్టించినవి, సేవ చేయించినవి. త్రోవ మంచిదే, కాని అది వింత చూపుగా ముగియక నేర్చుకొనుటగా నుండవలయును. అందులకు సేవాస్థానములును, ఓపికతో చేయించు పెద్దలును గావలయును.

“ముద్దాయి పారిపోయినచో?” ననుట రెండవ సందేహము. కొందరు పారిపోవుదురు; కాదనను. అయినను మనము సంఘముగా పూచీ నిలిచినచో, ఆ భారమొక్క పింఛనుదారుని మీద బడదు. నేనారోజున భయపడుటకు గారణము నా ఒంటరితనమే.

కావున ఈ మహాసభ ముందర నాలుగు సూచనలుంచుచున్నాను.

మొదటిది: మొదటిసారి చిన్న నేరములలో జిక్కినవారికి పూచీ నిలువ నిష్టపడు సభ్యుల పట్టికను సంఘము సిద్ధపరుపవలయును. 2023 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానము, బెయిలు వచ్చి ఏడు దినములలో విడుదల కానివారి సంగతి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దెలుపవలెననియు, స్థానిక జామీను పట్టుదల తగదనియు సూచించెను. కేంద్రప్రభుత్వము 2023లో పేదఖైదీల కొరకు చేసిన పథకములో విచారణఖైదీకి 40,000, దోషికి జుల్మానా నిమిత్తము 25,000 రూపాయలవరకు సహాయము నాడు నిర్ణయింపబడెను. మనవారిలోని న్యాయవాదులు నెల కొక పూట ఇవి తెలియజెప్పినను చాలును.

రెండవది: మన పోషకులలో దుకాణములు, కర్మాగారములు, శిక్షణాలయములు గలవారు పెక్కురు. ప్రతియొక్కరు విడుదలయైన యొకనికి పని యిచ్చినను, చదువు మధ్యలో నాగిన యొకనిని మరల చేర్చుకొన్నను అంతకన్న పుణ్యము లేదు.

మూడవది: మన విద్యార్థి వసతిగృహమును, గ్రంథాలయమును సమాజసేవకు స్థానములుగా నిత్తుమని న్యాయస్థానమువారికి మనవి చేయవలయును.

నాలుగవది, అన్నిటికంటె కష్టమైనది: పెండ్లిపందిళ్లలో, బంతిభోజనములలో, “వాడు జైలుకు పోయివచ్చినవాడట” యను గుసగుసను మానవలయును. పెరోలుపై తండ్రి కర్మకు వచ్చినవానిని గుమ్మములో నిలువబెట్టకుడు. చట్టము విధించిన శిక్షకు గడువున్నది. మనము నోటితో విధించుదానికి గడువు లేదు.

ఈ ప్రాంతమువాడే యగు వట్టికోట ఆళ్వారుస్వామి స్వాతంత్ర్యపోరాటములో చెఱకు బోయి, అచట జూచిన సామాన్యఖైదీల జీవితములను “జైలు లోపల” యను కథల పుస్తకముగా వ్రాసెను. తన యాదర్శముకొరకు చెఱకు బోయినవాడు, కడుపుకొరకు చెఱకు వచ్చినవానిని మనుష్యునిగా జూచుట గొప్ప సంగతి. ఆ పుస్తకము మన గ్రంథాలయములో నుండవలయును.

పట్టికలో మొదటి పేరు నాది వ్రాసికొనుడని కార్యదర్శిగారిని వేడుచున్నాను. ఆలస్యమైనది, యెరుగుదును. రెండవ పేరు మీలో నెవ్వరిదో సభ ముగియులోపల వినవలెనని నా కోరిక.

సర్వే జనాః సుఖినో భవంతు. స్వస్తి.