ఇవాళ వద్దు

కెనూ, కయాక్ శిక్షకులుగా పట్టా అందుకుంటున్న మీ అందరికీ అభినందనలు.

మీరేం నేర్చుకున్నారో నాకు తెలుసు. పడవ తిరగబడితే కంగారుపడకుండా ముందుకు వంగి, దాని అడుగును అరచేతులతో చరిచి, పడవలోకి నీళ్లు రాకుండా నడుము చుట్టూ కప్పే స్ప్రే డెక్ పట్టీ లాగి పైకి తేలడం మీకిప్పుడు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. వేరొకరి కయాక్ బోల్తా పడితే దాని ముక్కును మీ పడవ మీదికి లాక్కుని, నీళ్లు ఒంపేసి, తిప్పి, మనిషిని మళ్లీ కూర్చోబెట్టగలరు. మోకాళ్ల మీద నిలబడి, ఒంటి రెక్క తెడ్డును ఒకే పక్క వేస్తూ కెనూను తిన్నగా నడపగలరు. కష్టపడి సంపాదించిన విద్య ఇది. ఈ పట్టాతో దానికి తోడు ఒక అధికారం కూడా మీ చేతికి వస్తోంది. మీ వెనక వచ్చే ఎనిమిది మందిని ఈరోజు నీళ్లలోకి దింపాలా, వద్దా అని తేల్చేది ఇకమీదట మీరే. నేను మాట్లాడదలచుకున్నది దాని గురించే.

1993 మార్చి 22న ఇంగ్లండు దక్షిణ తీరంలోని లైమ్ రీజిస్ నుంచి కొన్ని కయాకులు చార్‌మౌత్‌కు బయల్దేరాయి. ప్లిమత్ బడి పిల్లలు ఎనిమిది మంది, వాళ్ల ఉపాధ్యాయుడు, ఒక సాహస క్రీడల కేంద్రం పంపిన ఇద్దరు శిక్షకులు. తీరం వెంబడి కొద్ది దూరమే. ఉపాధ్యాయుడి పడవ తిరగబడింది. ఒక శిక్షకుడు ఆయనను ఎక్కించడానికి ఆగిపోయాడు. ఎక్కించిన కొద్దీ ఆయన మళ్లీ పడిపోతున్నాడు. రెండో శిక్షకురాలు పిల్లల పడవలన్నింటినీ ఒకదాన్నొకటి పట్టుకునేలా చేర్చి ఉంచింది. నేల మీంచి సముద్రం వైపు వీస్తున్న గాలి ఆ గుంపును లోపలికి తోసుకుపోయింది. పడవలకు స్ప్రే డెక్కులు లేవు. అలలు కొట్టి పడవలు నీళ్లతో నిండిపోయాయి. సాయం పిలవడానికి మంట సంకేతాలు కూడా లేవు. మార్చి నెల సముద్రపు చలిలో గంటల తరబడి తేలిన ఆ పిల్లల్లో నలుగురు చనిపోయారు.

ఆ శిక్షకులిద్దరికీ సముద్రం మీద పిల్లలను తీసుకెళ్లేంత అర్హత లేదు. 1994లో కోర్టు ఆ కేంద్రాన్ని నడిపిన కంపెనీని ఆ మరణాలకు దోషిగా తేల్చి, దాని మేనేజింగ్ డైరెక్టరుకు జైలుశిక్ష వేసింది. 1995లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు ఇలాంటి సాహస క్రీడలు నడిపే కేంద్రాలకు దాంతో లైసెన్సు తప్పనిసరి అయింది.

ఈ కథలో నన్ను ఎప్పటికీ వదలని సంగతి మరొకటి ఉంది. ప్రమాదానికి ముందటేడు, అదే కేంద్రంలో పనిచేసి మానేసిన ఇద్దరు శిక్షకులు యాజమాన్యానికి ఉత్తరం రాశారు. భద్రత బాగాలేదని, ఇలాగే సాగితే ఎవరి బిడ్డో ఇంటికి తిరిగి రాని రోజు వస్తుందని హెచ్చరించారు. ఎవరూ పట్టించుకోలేదు. నలుగురు పిల్లలు పోయాక ఆ ఉత్తరం కోర్టులో సాక్ష్యమైంది. పడవ నడపడంలో వాళ్లెంత ఘనులో నాకు తెలియదు. నా దృష్టిలో శిక్షకులంటే వాళ్లే.

మీలో చాలామంది రేపు కోటపల్లి జలాశయంలోనో, రుషికొండ తీరంలోనో పనికి కుదురుతారు. ఆదివారం పూట కుటుంబాలు వస్తాయి. డబ్బు ముందే కట్టి ఉంటారు. మీకు ఇరవై రెండేళ్లు, యజమాని మీ నాన్న వయసువాడు. ఒడ్డున నిలబడితే నీళ్లు అద్దంలా ఉంటాయి. నేల మీంచి నీళ్ల వైపు గాలి వీచే రోజున ఒడ్డు దగ్గర ఎప్పుడూ అలాగే ఉంటుంది, అల లేవదు. రెండు వందల మీటర్లు లోపలికి వెళ్లాక వెనక్కి తిరిగితే గాలి ముఖాన కొడుతుంది, అప్పటికి కొత్తవాళ్ల భుజాలు అలిసిపోయి ఉంటాయి. "నీళ్లు ఇంత నెమ్మదిగా ఉంటే ఎందుకు వద్దంటున్నావు బాబూ?" అని అడిగే తండ్రికి దోసెడు పొడి ఇసుక గాలికి వదిలి చూపించండి. అప్పుడు చెప్పండి, ఇవాళ వద్దు, మరో రోజు రండి అని.

నదుల మీద ఇంకా జాగ్రత్త కావాలి. మన ఏళ్ల నిండా చెక్‌డ్యాములు, ఆనకట్టలు. ఎగువ నుంచి చూస్తే అక్కడ నీరు సాఫీగా సాగిపోతున్నట్టే ఉంటుంది. కింద పడ్డ నీరు సుడి తిరిగి మళ్లీ గోడ వైపే వస్తుంది, లైఫ్ జాకెట్ వేసుకున్న మనిషిని కూడా వదలదు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పర్యాటకుల పడవ మునిగి ఎన్ని ఇళ్లు చీకటయ్యాయో మన రాష్ట్రాల్లో ఎవరూ మరిచిపోలేదు. కొత్త చోట పనికి చేరిన మొదటి వారం నీళ్లలోకి దిగడం కంటే ఒడ్డు వెంట నడవడానికే ఎక్కువ సమయం పెట్టండి. అక్కడి జాలర్లను, సరంగులను అన్నా అని, తాతా అని పిలిచి అడగండి. గేట్లు ఎప్పుడు ఎత్తుతారో, వలలు ఎక్కడ కడతారో, ఏ బండ ఏ నెలలో మునుగుతుందో వాళ్లకు తెలుసు.

మీలో కొందరికి పోటీల మీద మనసు. అదీ కావాలి. 1994 హిరోషిమా ఆసియా క్రీడల్లో సిజి సదానందన్, జానీ రోమెల్ జంట కెనూలో కంచు పతకం తెచ్చాక, మళ్లీ 2023లో హాంగ్‌ఝౌలో అర్జున్ సింగ్, సునీల్ సింగ్ తెచ్చేదాకా మన దేశం ఇరవై తొమ్మిదేళ్లు ఎదురుచూసింది. గోదావరి లంకల్లో నడక వచ్చేసరికే తెడ్డు పట్టే పిల్లలున్నారు. వాళ్లను వెతికి పట్టుకోవలసింది మీరే.

చివరిగా ఒక మాట ఇస్తున్నాను. పనిచేసే చోట జాకెట్లు చినిగి ఉంటే, మీకు అప్పగించే మనుషులు మీరు చూసుకోగలిగిన దానికి మించి ఉంటే, గాలి చూసి కూడా దింపమంటే, నోటితో చెప్పి ఊరుకోకండి. తేదీ వేసి ఉత్తరం రాయండి. ఒక నకలు మీ దగ్గర ఉంచుకుని, ఒకటి ఇక్కడికి పంపండి. దానివల్ల ఉద్యోగం పోతే మీ తరఫున మాట్లాడటానికి మీ గురువులతో పాటు నేనూ వస్తాను.