రేగడి మీద ఇరవై టన్నుల నీళ్లు

ముందు ఈ బల్ల మీది రెండు గాజు గ్లాసుల వంక చూడండి. నిన్న మధ్యాహ్నం ఊరి పక్క చేలోంచి గుప్పెడు నల్లరేగడి తెచ్చి, ఆరబెట్టి, దంచి, పల్చటి గుడ్డలో జల్లించి, తూచి పదేసి గ్రాములు వీటిలో పోశాను. ఒకదాంట్లో కిరోసిన్, రెండోదాంట్లో మంచినీళ్లు. కిరోసిన్‌లో మట్టి పోసినదిపోసినట్టే ఉంది. నీళ్లలోది ఒకటిన్నర రెట్లు దాటి పొంగింది. ముందు వరుసలో ఉన్న పెద్దాయన ఇడ్లీ పిండిలా ఉందన్నారు. సరిగ్గా అంతే. మట్టిని పరీక్షించే ఇంజనీర్లు చేసేది కూడా ఈ పనే, కాకపోతే వాళ్ల గ్లాసుల మీద గీతలుంటాయి.

ఈ మధ్య ఎండాకాలం వస్తే చాలు, రోడ్డు పక్క చేలల్లో స్విమ్మింగ్ పూల్ బోర్డులు లేస్తున్నాయి. తవ్వి కట్టేవి కొన్నయితే, నేల మీద ఇనుప ఫ్రేమ్ నిలబెట్టి రెక్సిన్ లాంటి షీటు బిగించేవి కొన్ని. పిల్లలు నాగార్జునసాగర్ ఎడమ కాలువలో దూకడం కన్నా ఇది వెయ్యి రెట్లు నయం, కాదనను. నా గొడవంతా ఆ పూల్ కింద ఉన్న నేలతో.

15 అడుగుల వెడల్పున్న గుండ్రటి తొట్టిలో నాలుగడుగుల నీళ్లు పడితే 20 వేల లీటర్లు, అంటే 20 టన్నులు. వినగానే గుండె గుభేలుమంటుంది గానీ, అదంతా పరుచుకుంటే చదరపు అడుగుకు పడేది 113 కిలోలే. గట్టి నేల ఆ మాత్రం సులువుగా మోస్తుంది. చిక్కల్లా ఒక పక్క మోసి, ఇంకో పక్క మోయకపోవడంలో ఉంది. నీళ్ల మట్టం ఎప్పుడూ సమంగానే నిలుస్తుంది కదా, నేల ఒక వైపు మూడంగుళాలు కుంగిందంటే అటు లోతు మూడంగుళాలు పెరిగినట్టు. గోడ మీద తోపుడు లోతుతో పాటు వర్గంలో పెరుగుతుంది కాబట్టి, ఆ వైపు గోడ ఎనిమిదో వంతు ఎక్కువ బరువు కాయాలి. అలా కాసేకొద్దీ ఇంకా వాలుతుంది.

ఒక బడి వాళ్లు నన్ను పిలిచిన సంగతి చెప్తాను. ఊరూ పేరూ వద్దు. ఏప్రిల్‌లో రేగడి రెండడుగులు తవ్వి, ఆ గుంట నిండా ఇసుక పోసి, రసమట్టం పెట్టి సాపు చేసి పూల్ నిలబెట్టారు. ఇసుక మెత్తన, పిల్లల కాళ్లకు హాయి అనుకున్నారు. పాపం, పనిలో శ్రద్ధకు లోటు లేదు. సెప్టెంబరులో నేను వెళ్లేసరికి ఒక వైపు కాళ్లు జానెడు దిగిపోయి ఉన్నాయి. జరిగిందేమిటంటే, రేగడిలో తవ్విన గుంట కుండ లాంటిది, నీళ్లను బయటికి పోనివ్వదు. వాన నీళ్లన్నీ ఇసుకలోంచి దిగి ఆ కుండలో నిలిచాయి. అడుగున రేగడి తాగి తాగి ఒక చోట పొంగింది, మరో చోట బురదైంది. ఆ పైన ఒర్రె పొంగి ఇసుకను కోసుకుపోయింది. బడి వాళ్లు వరదను తిట్టారు. ఆ గుంట తవ్విననాడే పని చెడింది.

మన దగ్గర నీళ్లు వచ్చే దారి ఒకటి కాదు. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మన దామరచర్ల పేరుతోనే కేంద్ర జల సంఘానికి మూసీ మీద కొలత కేంద్రం ఉందంటే ఆ నదితో మన లెక్క ఎంత దగ్గరిదో చూడండి. 2024 సెప్టెంబరు 1న కోదాడ వీధులు మునిగాయి, నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. ఇవి కంటికి కనిపించేవి. కనిపించనిది జాలు. 1967 ఆగస్టు 4న సాగర్ కాలువలకు నీళ్లు వదిలింది మొదలు మన వరి ఎంత పెరిగిందో, పొలాల కింద ఊట కూడా అంత పైకొచ్చింది. వాడపల్లి అగస్త్యేశ్వరుడి లింగం నెత్తిన గుంటలో నీళ్లు ఎప్పుడూ ఒకే మట్టంలో ఉంటాయని చెప్పుకుంటాం. అది స్వామి మహిమ. మన చేల కింది నీటికి ఆ నిలకడ లేదు. కాలువ కట్టేసిన మే నెలలో నేల నెర్రెలిచ్చి ఉంటుంది, వరి నిలిచిన భాద్రపదంలో గునపం దించితే ఊట తగులుతుంది. అందుకే స్థలాన్ని ఎండాకాలంలో చూడొద్దంటాను. పూల్ చైత్రంలో వేసుకోండి, స్థలం మాత్రం భాద్రపదంలో చూసి పెట్టుకోండి. కాస్త ఎత్తున చెల్క ఉంటే ఇంకేమీ ఆలోచించొద్దు, అక్కడే.

రేగడి తప్ప వేరే చోటు లేనివాళ్లకు ఐఐటీ బాంబేలో ఆచార్యుడిగా పనిచేసిన ఆర్.కె. కట్టి గారు దారి చూపించారు. రేగడి మీద పొంగని జిగురు మట్టి మందంగా పరిస్తే కింది పొంగు పైకి రాదన్నారు. కాలువ కట్టడాల్లో అది వాడారు. మనకు జిగురున్న ఎర్ర మొరం దొరుకుతుంది. వేళ్లు, చెత్త ఏరేసి, మొరాన్ని ఆరంగుళాల పొరలుగా పోసి ప్రతి పొరనూ తడిపి దిమ్మిసతో కొట్టాలి. ఎంత తడి? గుప్పిట్లో నొక్కితే ఉండ కావాలి, నడుము ఎత్తు నుంచి వదిలితే రెండు మూడు ముక్కలు కావాలి. చేతికి అంటుకుంటే తడి ఎక్కువ, పొడిపొడిగా రాలితే తక్కువ. ట్రాక్టరుతో దిమ్మరించి, దాని చక్రాలతోనే నాలుగు తిప్పులు తిప్పి అయిపోయిందనుకుంటే ఆ డబ్బు నేలపాలే.

పాత గోడ మీద వరద చార కనిపిస్తుంది కదా, ఇలా కొట్టిన మొరం దిమ్మె దాని కన్నా అడుగున్నర పైకి లేవాలి. పూల్ అంచు దాటి చుట్టూ మూడడుగులు ఉండాలి, వాలుకు రాళ్లు పేర్చాలి. కాళ్ల కింద ఇటుక ముక్కలు కాదు, నాపరాళ్లు వేయండి, మన ప్రాంతంలో వాటికి కరువా? షీటు కింద ఇసుకకు బదులు రెండంగుళాల రాతి డస్ట్ కొట్టి సాపు చేయండి. దిమ్మె చుట్టూ కాలువ తీసి, ఆ నీళ్లు పక్కవాళ్ల చేలోకి కాకుండా చూడండి. ఊళ్లో సగం తగాదాలకు మూలం అదే.

వరద వస్తోందని తెలియగానే చాలామంది పూల్ ఖాళీ చేస్తారు. ఆ పని చేయకండి. ఖాళీ తొట్టి పడవే. నేను చెప్పిన 15 అడుగుల తొట్టి చుట్టూ పాదం మునిగేటన్ని, నాలుగంగుళాల నీళ్లు చేరితే చాలు, టన్నున్నరకు పైగా బలంతో పైకి నెడుతుంది. నిండా నీళ్లుంటే దాన్ని లేపడం వరద తరం కాదు. మోటారు కరెంటు తీసేసి అలాగే వదిలేయండి. మురికైతే తర్వాత తోడుకోవచ్చు.

మొదట చూపించిన గ్లాసుల పరీక్షకు ఒక రోజు పడుతుంది. ఖాళీ గ్లాసులూ, కిరోసిన్ డబ్బా ఇక్కడే ఉంచి వెళ్తున్నాను. పూల్ వేద్దామనుకునేవాళ్లు రేపు తమ చేలోంచి మట్టి పొట్లం కట్టి తెచ్చుకోండి. పైమట్టి కాదు, రెండడుగుల లోతుది.