‘పర్పెట్యువల్’ అంటే ఎంతకాలం?



‘పర్పెట్యువల్’ అనే ఇంగ్లీషు మాటను ఫైళ్ళలో మనమంతా రాసినవాళ్ళమే. శాశ్వతమైన, అంతులేని అని నిఘంటువు అర్థం. కానీ దీనికి మూలమైన లాటిన్ మాటకు అర్థం ‘తెగకుండా సాగేది’ అని. ఈ తేడా చిన్నదేమీ కాదు. 1956 నాటి చట్టం ఎల్.ఐ.సి.కి ‘పర్పెట్యువల్ సక్సెషన్’ ఇచ్చింది. అంటే సభ్యులు మారినా, గతించినా సంస్థ తెగిపోదని. పార్లమెంటు కూడా దాన్ని ముట్టుకోరాదని కాదు. కోర్టువారి ‘పర్పెట్యువల్ ఇంజంక్షన్’ కూడా అంతే. దావా విచారించి డిక్రీతో ఇచ్చేది అది. మధ్యలో ఇచ్చేది తాత్కాలికం. ఇక ‘పర్మనెంట్’ సంగతి సరేసరి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1802లో పెట్టిన పర్మనెంట్ సెటిల్‌మెంటును 1948 చట్టం ముగించింది. మన పర్మనెంట్ ఉద్యోగాలు 58 ఏళ్ళకే ముగిశాయి!

మన దస్తావేజుల్లో దీనికి సాటివచ్చే మాట ‘ఆచంద్రార్కం’, సూర్యచంద్రులున్నంతకాలం అని. దానశాసనాల నాటి మాట. వినడానికి ఎంతో నిండుగా ఉంటుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మిత్రులొకరు కుమారుని పేర ఇంటికి దానపత్రం రాయిస్తూ, ‘ఈ ఇంటిని ఎన్నటికీ ఎవ్వరూ అమ్మరాదు’ అని చేర్చమన్నారు. తన తరువాత భార్యకు నీడ ఉండాలని ఆయన ఆరాటం. కానీ 1882 ఆస్తి బదిలీ చట్టం 10వ సెక్షను ప్రకారం అమ్మకాన్ని పూర్తిగా నిషేధించే షరతు చెల్లదు. దానం మాత్రం చెల్లుతుంది! ఇల్లు కుమారునిదవుతుంది, షరతు గాలికిపోతుంది. తరతరాలకూ ఆస్తిని కట్టివేయడాన్ని 14వ సెక్షను కూడా ఒప్పుకోదు. ధర్మకార్యాలకు, విద్యకు, వైద్యానికి ఇచ్చే ఆస్తికి మాత్రం 18వ సెక్షను మినహాయింపు ఇచ్చింది.

ప్లీడరుగారు ఆ వాక్యం తీయించి, దంపతులిద్దరికీ బ్రతికినంతకాలం ఆ ఇంట్లో ఉండి అనుభవించే హక్కు, తదనంతరం కుమారునికి పూర్తి హక్కు అని రాయించారు. ‘ఎన్నటికీ’ అన్న పెద్దమాట చేయలేని పని ‘జీవితాంతం’ అన్న చిన్నమాట చేసింది.

ఇక్కడ కూర్చున్న అమ్మలకు ప్రత్యేకంగా మనవి. ఇంటి కాగితాలపై సంతకాలు జరిగేముందు మీ పేరు, ‘జీవితాంతం’ అన్న మాట ఉన్నాయో లేవో చదివించుకోండి. పూర్తయిన దానాన్ని మనసు మారిందని వెనక్కి తీసుకోవడం కుదరదు. 2007 వృద్ధుల సంక్షేమ చట్టం 23వ సెక్షను కింద రద్దు కోరే దారి ఉన్నది గాని, తల్లిదండ్రులను పోషించాలన్న షరతు దస్తావేజులోనే రాసి ఉంటే ఆ దారి సులువవుతుంది. కాగితాలు తెచ్చినవారు ఉంటే భోజనాల తరువాత కలిసి చూద్దాం.