వేసవిలో వ్యాయామము

సంక్రాంతి వెళ్లిన క్రొత్తలో ఏ వ్యాయామశాలకు పోయినను అడుగు పెట్టుటకు చోటుండదు. జనవరి మొదటి దినమున చేసికొన్న సంకల్పములు అప్పటికింకను చల్లారియుండవు. తెల్లవారుజామున మంచులో తలకు మఫ్లరు చుట్టుకొని వచ్చి దండీలు తీయువారు, డంబెల్సు ఎత్తువారు, అద్దము ముందు నిలిచి భుజములు చూచుకొనువారు కన్నుల పండువుగా కనబడుదురు. శివరాత్రితో చలి వెళ్లును. చలితో కొందరు వెళ్లుదురు. ఉగాదికి చాలమంది కానరారు. రోహిణి కార్తె ప్రవేశించు నాటికి శాలలో శిక్షకుడును, ఆయన నెత్తిమీద తిరుగు పంకాయును మాత్రమే మిగులుట కద్దు. రుసుము సంవత్సరమునకు చెల్లింతురు. రాకపోకలు మూడు నెలలకే ముగియును.

అడిగినచో అందరును ఒకే మాట చెప్పుదురు: "బద్ధకమండీ." తమ్ము తామే నిందించుకొని, ఆ నిందతోనే తృప్తిపడి, వానలు పడిన పిమ్మట చూతములెమ్మని ఊరకుందురు. ఈ బద్ధకమను మాట సగము మాత్రమే నిజమని నా మనవి. తక్కిన సగము మన శరీరము వేయు లెక్క. ఆ లెక్క తెలిసికొన్నవారికి వేసవిలో వ్యాయామము మానవలసిన పనియు లేదు, మొండికెత్తి ప్రాణముమీదికి తెచ్చుకొనవలసిన పనియు లేదు.

మన కండరములు పనిచేయునప్పుడు అవి వినియోగించు శక్తిలో నూటికి 20 నుండి 25 వంతులే పనిగా మారును. మిగిలినదంతయు వేడియై బయటపడును. చలికాలమున ఆ వేడి మనకు హాయి. వేసవిలో అదియే భారము. బయటి గాలి మన చర్మముకంటె చల్లగా నున్నంతవరకు లోపలి వేడి గాలిలోనికి పోవును. గాలి 40 డిగ్రీలు దాటినప్పుడు వేడి వెలుపలినుండి లోపలికే వచ్చును. అప్పుడు మనకు మిగిలిన దారి చెమట యొక్కటే. ఒక లీటరు చెమట చర్మముమీద పూర్తిగా ఆవిరియైనచో దాదాపు 580 కిలో కేలరీల వేడిని వెంట తీసికొనిపోవును. ఆవిరి యగుటయే ముఖ్యము. బొట్టుబొట్టుగా నేల రాలిన చెమట మన నీటిని, ఉప్పును పోగొట్టునే గాని చల్లదనము నీయదు.

ఈ విషయమున మన తెలుగునాట రెండు వేసవులున్నవి. రెంటచింతలలోను, రామగుండములోను ఉండునది యొకటి. అక్కడి గాలి పొడి. పట్టిన చెమట పట్టినట్లే ఆరిపోవుటచే చొక్కా తడియదు. ఎంత నీరు పోయినదో మనిషికి తెలియదు. తనకు చెమటయే పట్టలేదనుకొని నీరు త్రాగక, సాయంకాలమునకు తలనొప్పితో పడుకొనును. కాకినాడ, మచిలీపట్నముల వేసవి వేరు. అక్కడ ఎండ కొన్ని డిగ్రీలు తక్కువయే కాని, సముద్రపు తేమవలన ఉక్క అధికము. చెమట ధారలుగా కారును, ఆవిరి కాదు. చొక్కా పిండుకొనుచు "ఈ రోజు మంచి వ్యాయామమైనది" అని సంతసించువారు అక్కడ చాలమంది కలరు. నిజమునకు అది చల్లబడలేక శరీరము పడు పాటు. చెమటనుబట్టి వ్యాయామమును కొలుచుట ఒక అవివేకము. క్రొవ్వు కరుగునని వేసవిలో ప్లాస్టిక్కు కోటులు తొడుగుకొని పరుగెత్తుట అంతకు మించిన అవివేకము. అట్లు తగ్గిన బరువు నీటి బరువు. రెండు చెంబుల మజ్జిగతో అది మరల వచ్చును, రావలెను కూడ.

ఈ లోపల గుండె రెండు పనులు చేయుచుండును. కండరములకు రక్తము పంపవలెను. వేడిని వదలించుటకై చర్మమునకును పంపవలెను. చెమటతో నీరు తగ్గినకొలది రక్తపు పరిమాణము తగ్గును. అందుచే మాఘమాసములో చేసిన పనినే వైశాఖములో చేసినను నాడి ఎక్కువ వేగముగా కొట్టుకొనును. ఇంతకంటె విచిత్రమైనది మెదడు చేయు పని. శరీరములోపలి వేడి పెరిగినప్పుడు కండరములకు మెదడు పంపు ఆజ్ఞయే బలహీనమగునని శాస్త్రజ్ఞులు ప్రయోగములలో గమనించిరి. వేడిలో సైకిలు త్రొక్కిన క్రీడాకారులు, శరీరము ప్రమాదకరముగా వేడెక్కకముందే తమకు తెలియకుండ వేగము తగ్గించుటయు చూచిరి. కనుక మే నెలలో మనసు రాకపోవుట ఎల్లప్పుడును సోమరితనము కాదు. అది ఒక కావలివాని హెచ్చరిక. ఆ కావలివానిని తరిమివేయరాదు. అట్లని వాడు కేక వేసినాడు గదా యని రెండు నెలలు తలుపు బిగించుకొని పడుకొనరాదు.

మన పూర్వులును ఈ సంగతి నెరుగుదురు. వాగ్భటుడు అష్టాంగహృదయములో ఋతువునుబట్టి వ్యాయామమునకు మితి చెప్పినాడు. బలము కలిగి, నేతితో కూడిన ఆహారము తినువాడు సైతము శీతకాలమునను, వసంతమునను తన శక్తిలో సగము మేరకే చేయవలెననియు, తక్కిన కాలములలో అంతకంటె తక్కువగా చేయవలెననియు ఆయన మతము. గ్రీష్మచర్యలో వ్యాయామమును వదలుమనియే కలదు. నేను మాత్రము మొదటి మాటను పట్టుకొందును. రోజంతయు కుర్చీలో కూర్చుండు నేటి మనిషికి పూర్తిగా మానుటలో ఉన్న నష్టము వాగ్భటుని కాలపు మనిషికి లేదు.

ఎంత తగ్గింపవచ్చును? ఇచ్చట శాస్త్రము మనకు ఒక శుభవార్త చెప్పుచున్నది. బలమును సంపాదించుటకు కావలసినంత శ్రమ దానిని నిలుపుకొనుటకు అక్కరలేదు. వారమునకు మూడు దినములు చేసి పెంచుకొన్న కండబలము, ఎత్తు బరువును మిక్కిలి తగ్గింపకుండ వారమునకు ఒకటి రెండు దినములు చేసినను కొన్ని నెలలు నిలుచును. దమ్మును నిలుపుకొనుటకు వారమునకు రెండు దినములు కొంచెము గట్టిగా శ్రమించినను చాలును. పూర్తిగా మానినచో దమ్ము రెండు మూడు వారములకే తగ్గ నారంభించును. కాబట్టి వేసవిలో ఆవృత్తులను తగ్గింపుడు, నడుమ విశ్రాంతిని పెంచుడు. ఐదు మారులు ఎత్తువారు రెండు మారులెత్తి ఇంటికి పోవచ్చును. రైతు ఎండకాలమున అరక కట్టడు. కాని ఎడ్లకు గడ్డి వేయుట మానడు. ఫిబ్రవరిలో ఎత్తిన బరువును మే నెలలో ఎత్తలేకపోతినని దిగులుపడి, ఆ దిగులుతోనే మానివేసినవారు నాకు తెలిసి చాలమంది కలరు. శీతకాలపు తక్కెడతో వేసవిని తూచుటవలన వచ్చిన చిక్కు అది.

వీరఘట్టములో పుట్టిన కోడి రామమూర్తి, శ్రీకాకుళము జిల్లా పల్లెనుండి బయలుదేరి 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో రెండు పద్ధతులలో కలిపి 240 కిలోలెత్తి కాంస్యపతకము గెలిచిన కరణం మల్లీశ్వరి, వీరిరువురు పెరిగిన సీమలో ఎండలు లేక కాదు. అట్టి బలము ఒక్క ఋతువులో వచ్చునదియు కాదు.

మనసు రాని దినమున ఏమి చేయవలెను? నేను మెచ్చుకొనునది పావుగంట నియమము. బట్టలు మార్చుకొని శాలకు పోవలెను. పావుగంట మాత్రము చేయవలెను. అప్పటికి ఒళ్లు మేలుకొన్నచో కొనసాగింపవచ్చును. లేనిచో సిగ్గుపడక తిరిగి రావలెను. గోడమీది క్యాలెండరులో ఆ దినమునకును గీత పెట్టవచ్చును. వేసవిలో పెండ్లిండ్లు, అత్తవారి ఊళ్లు, మామిడిపండ్లు, బడి లేని పిల్లలు, ఇవన్నియు అలవాటును చెడగొట్టునవే. తోడుగా ఒక స్నేహితుడున్నచో మేలు. ఇద్దరికిని ఒకే దినమున బద్ధకము కలుగుట అరుదు.

వేళ విషయమున సందేహము లేదు. తెల్లవారుజామే మేలు. సూర్యోదయమునకు కొంచెము ముందు గాలి మిక్కిలి చల్లగా నుండును. సాయంకాలము చీకటిపడినను, పగలంతయు కాగిన సిమెంటు గోడలు, రేకుల కప్పులు రాత్రి చాలసేపు వేడిని వదలుచునే యుండును.

వేడికి శరీరము అలవాటుపడగలదు. రోజూ కొద్దికొద్దిగా వేడిలో శ్రమించినచో 10 నుండి 14 దినములలో చెమట త్వరగా పట్టును, అందులో ఉప్పు తగ్గును, రక్తములోని నీటి పాలు పెరుగును, గుండె నెమ్మదించును. మానినచో ఆ అలవాటు కొన్ని వారములలో పోవును. శీతల యంత్రము గల జిమ్ములో మాత్రమే చేయువారికి ఈ అలవాటు సరిగా రాదు. అక్కడ చేయుట తప్పు కాదు, సుఖమే. కాని ఆ ధైర్యముతో ఒక ఆదివారము పగటివేళ మైదానములో పరుగు పందెమునకు దిగరాదు. పోలీసు ఉద్యోగములకు పరుగు సాధన చేయు యువతీయువకుల గురించి నాకెక్కువ చింత. పరీక్ష దగ్గరపడినదని మొదటి దినమే ఎండలో పూర్తి దూరము పరుగెత్తువారు వారిలో ఉందురు. మొదటి దినము 15 నిమిషములు చాలును. తరువాత దినమునకు కొంచెము చొప్పున పెంచవలెను.

గృహిణుల సంగతి వేరుగా చెప్పవలెను. ఆరు గంటలనుండి పొయ్యి దగ్గర నిలిచిన ఇల్లాలిని తొమ్మిది గంటలకు వ్యాయామము చేయుమనుట, ఎండలో పరుగెత్తి వచ్చినవానిని మరల పరుగెత్తుమనుటతో సమానము. ఆవకాయ రోజులలో ఆమె దంచుట, కలుపుట, జాడీలెత్తుట చూచినవారికి వేరే చెప్పనక్కరలేదు. పొయ్యి వెలిగింపకముందు 20 నిమిషములు ఆమెకు విడువవలెను. ఆ 20 నిమిషములు కాఫీ అడుగకుండుట ఇంటిలోని మగవారు చేయదగిన వ్యాయామము.

నీటి లెక్క సులభము. వ్యాయామమునకు ముందును, తరువాతను బరువు చూచుకొనుడు. ఒక కిలో తగ్గినచో సుమారు ఒక లీటరు నీరు పోయినదన్నమాట. 60 కిలోల మనిషికి 1.2 కిలోలు తగ్గినప్పటికే శక్తి సన్నగిల్లును. ఉప్పు వేసిన మజ్జిగ, తరవాణి, మజ్జిగ పోసిన చద్దన్నము మన ఇండ్లలో ఉన్న మంచి మందులు. ఉప్పు లేని నీటిని మితిమీరి త్రాగుటయు ప్రమాదమే. రక్తపుపోటు, మూత్రపిండముల వ్యాధి కలవారు ఉప్పును గురించి వైద్యుని అడుగవలెను. జ్వరముగాని విరేచనములుగాని తగిలి లేచినవారు, రాత్రి నిద్ర లేనివారు ఆ దినమునకు మానుటయే మంచిది.

తల తిరుగుట, వాంతి, ఒళ్లు జలదరించుట కలిగినచో వెంటనే ఆపి నీడకు చేరవలెను. మాట తడబడినను, ఎక్కడ ఉన్నాడో తెలియక మనిషి తికమకపడినను అది వడదెబ్బ యని భావింపవలెను. చెమట పట్టుచున్నది గదా, వడదెబ్బ కాదులెమ్మనుకొనరాదు. శ్రమవలన తగిలిన వడదెబ్బలో చెమట ఉండవచ్చును. అట్టివానిని నీడలో పరుండబెట్టి, బట్టలు వదులుచేసి, ఒంటినిండ చల్లని నీరు పోసి, విసరుచు, 108కి కబురు చేయవలెను. స్పృహ లేనివాని నోటిలో నీరు పోయరాదు. వాహనము వచ్చువరకు చల్లబరచుట ఆపరాదు. ఆ కొద్ది నిమిషములే ప్రాణమునకు ఆధారము.

మృగశిర కార్తెలో తొలకరి జల్లు పడగానే వెనుకటి ఉత్సాహము వచ్చును. శాలలు మరల నిండును. అయినను మొదటి వారమే ఫిబ్రవరి నాటి బరువుల జోలికి పోరాదు. జూన్ నెలలో ఎండ తగ్గినను గాలిలో తేమ పెరుగును గనుక చెమట ఆరదు. వానకు వానకు నడుమ ఉక్కపోయు దినములలో మే నెల కొలతనే మరి రెండు వారములు సాగించి, ఆ తరువాత వారమునకొక ఆవృత్తి చొప్పున కలుపుకొనుచు పోవచ్చును.