నోటి పూత - వేడి మాత్రమేనా?
(వరంగల్‌లో మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నోరు పూసిందంటే మన ఇళ్ళల్లో వినిపించే మాట ఒకటే: వేడి చేసింది. మజ్జిగ తాగమంటారు. ఆర్.ఎం.పి. నాలుగు బి-కాంప్లెక్స్ గోలీలిస్తాడు. చాలాసార్లు తగ్గుతుంది కూడా, కాదనను. కానీ అన్ని పూతలూ ఒకటి కావు. నాలుక మీద, బుగ్గల లోపల విరిగిన పాలలా తెల్లగా పేరుకుని, తుడిస్తే ఊడివచ్చి కింద ఎర్రగా కనిపించేది సాధారణంగా కాండిడా అనే ఫంగస్. అది ఆరోగ్యవంతుల నోట్లోనూ ఉంటుంది. ఒంట్లో రోగనిరోధక శక్తి సన్నగిల్లితే విజృంభిస్తుంది.

అదుపు తప్పిన షుగరుతో, కాన్సరు మందులతో, స్టెరాయిడ్లతో, ఆస్తమాకు పీల్చే మందుతో కూడా ఇది వస్తుంది. హెచ్.ఐ.వి.తోనూ వస్తుంది. తెల్లపూత కనబడగానే ఎయిడ్స్ అని ఆడమనిషి మీద ముద్ర వేయడం ఎంత అన్యాయమో, ఆ అనుమానమే రానట్టు నెలల తరబడి గోలీలు మింగించడమూ అంతే అన్యాయం. పూత గొంతు దాటి అన్నవాహికలోకి దిగితే మెతుకు మింగాలన్నా నొప్పే. ఇంట్లో మాత్రం "కోడలు తిండి దగ్గర సాకులు పెడుతోంది" అంటారు! ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో, హెచ్.ఐ.వి. ఉన్నవారికి నోటి పూత తగ్గకుండా ఉంటే మూడో దశ. అన్నవాహికలోకి దిగితే నాలుగోది, అంటే ఆఖరిది.

పూతకు ఫ్లుకొనజోల్ వంటి మందులున్నాయి. గర్భిణులు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. అయితే మూలకారణం తెలుసుకోకుండా పూతకే మందేస్తే మళ్ళీ వస్తుంది. ప్రభుత్వాసుపత్రుల్లో హెచ్.ఐ.వి. పరీక్ష ఉచితం. మన ఎం.జి.ఎం. ఆసుపత్రి ఎ.ఆర్.టి. కేంద్రంలో మందులూ ఉచితమే. 2017 నుంచి, రక్తంలో సి.డి.4 కణాలు ఎన్ని ఉన్నా, వ్యాధి తేలిన వెంటనే చికిత్స మొదలుపెట్టాలన్నది ప్రభుత్వ విధానం.

ఇక హక్కుల మాట. 2017లో చేసిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చింది. విషయం వివరించి, మన సమ్మతి తీసుకున్నాకే పరీక్ష చేయాలి. ఫలితం గుట్టుగా ఉంచాలి. వరండాలో నిలబడి కోడలి సంగతి అత్తగారికి చెప్పే అధికారం ఎవరికీ లేదు. కొన్ని షరతులతో డాక్టరు భర్తకు చెప్పవచ్చు. కానీ ఆమెను కొడతారని, వెళ్ళగొడతారని భయపడే కారణం ఉంటే చెప్పరాదు. ఈ భయం ఉన్నదని డాక్టరుతో ముందే అనండి. ఇల్లు వదిలి పొమ్మంటే, 2005 గృహహింస చట్టం ఆమెకు ఆ ఇంట్లో ఉండే హక్కునిచ్చింది. సందేహాలుంటే 1097కు ఫోన్ చేయవచ్చు, డబ్బులు పడవు.