మండుటెండలలో చల్లని యిల్లు
(రాయలసీమలోని ఒక గ్రామసభలో చేసిన ప్రసంగపాఠము)



ఈ సభను రాత్రి ఎనిమిది గంటలకు, ఈ వేపచెట్టు క్రింద ఏర్పాటు చేసినవారికి ముందుగా మా కృతజ్ఞతలు. పంచాయతీ కార్యాలయపు గదిలో కూర్చుండవచ్చును గదా అని మేము అడుగగా, "అయ్యా, ఆ స్లాబు కింద ఇప్పుడు కూచుంటే పెనం మీద రొట్టె మాదిరి మాడిపోతాము" అని ఒక పెద్దాయన సెలవిచ్చినారు. సూర్యుడు క్రుంకి గంటన్నర దాటినది. బయట గాలి చల్లబడినది. ఆ గది మాత్రము ఏల చల్లబడలేదు? నేటి మా ప్రసంగమంతయు ఈ ఒక్క ప్రశ్నను గురించియే.

దీనికి సమాధానమును ఎండకు పుట్టినిల్లయిన చోట వెదకుట మంచిది. రాజస్థానమునందలి ఫలోడీ పట్టణములో 2016 మే 19వ తేదీన 51 డిగ్రీల వేడి నమోదైనది. మన దేశములో నమోదైన వేడిలో అదియే అత్యధికము. దానికి పడమరగా, థారు ఎడారి నడుమ, జైసల్మేరు ఉన్నది. 1156లో స్థాపించిన ఆ కోటలో నేటికిని సంసారములు కాపురము చేయుచున్నవి. విద్యుచ్ఛక్తి యన్నది ఎరుగని అన్ని వందల యేండ్లు ఆ జనులు ఎట్లు బ్రదికిరి?

అచ్చటి వీధులు మిక్కిలి యిరుకైనవి. ఇండ్లు ఒకదాని నొకటి ఆనుకొని యుండుటచే ఒక యింటి నీడ మరియొక యింటి గోడపై పడును. గోడలు పసుపుపచ్చని రాతితో దళసరిగా కట్టినవి. వీధివైపు గోడలపై చెక్కిన లతలు, ముందుకు పొడుచుకొని వచ్చిన గవాక్షములు కేవలము అందము కొరకే అని చూడవచ్చినవారు తలంచుదురు. కాని ఆ చెక్కడపు ఎగుడుదిగుడులు గోడకు గోడయే నీడ పట్టునట్లు చేయును. ఇంటి నడుమ ఆకాశము కనబడు ముంగిలి యుండును. ఎడారిలో గాలి పొడిగాను, ఆకాశము నిర్మలముగాను ఉండుటచే పగటి వేడి రాత్రి త్వరగా పైకి పోవును. బరువైన చల్లని గాలి ముంగిటిలోనికి దిగి గదులలో ప్రవేశించును. రాత్రియంతయు తలుపులు తెరచి యుంచి, ఎండ ఎక్కకమునుపే మూసివేయుదురు. మనము పంటకాలములో వచ్చిన ధాన్యమును గాదెలో పోసి ఏడాది పొడుగునా తిన్నట్లు, వారు రాత్రి దానంతట అదే వచ్చిన చల్లదనమును గోడలలో నిలువచేసి పగలు వాడుకొందురు.

ఇది రాతి మేడలు కట్టగల ధనికుల మాట అందురేమో. కచ్ఛు దేశపు పల్లెలలో భుంగా అను గుండ్రని మట్టి యిండ్లు కలవు. దళసరి మట్టి గోడ, పైన గడ్డి కప్పు, చిన్న కిటికీలు, అంతే. సింధు దేశపు హైదరాబాదులో (మన హైదరాబాదు కాదు సుమా) పూర్వము ఇంటింటి పైకప్పు మీదను నైరుతి గాలిని పట్టి గదిలోనికి దింపు గాలితొట్లు ఉండెడివి. ఇరానులోని యజ్దు పట్టణములో అట్టి గాలి గోపురము ఒకటి 33 మీటర్ల యెత్తున నేటికిని నిలిచి యున్నది.

ఇక మన సంగతి. మనది ఎడారి కాదు గాని మన వేసవి గాలి ఎడారి గాలికి దగ్గరి చుట్టమే. పగలు పొడిగా మండును, రాత్రి కొంత చల్లబడును. కనుకనే మన పెద్దలు కట్టిన చౌడు మిద్దె కూడ అదే పద్ధతిలో నడచినది. మందపు గోడ, దూలములు, దంతెలు, వానిపై మట్టి, ఆపైన చౌడు. మూరెడు మందపు మట్టిగోడలో పగటి వేడి లోపలికి చేరుటకు ఇంచుమించు అర్ధరాత్రి యగును. అప్పటికి తలుపులు తెరచి యుందుము. నాలుగైదు అంగుళముల సిమెంటు స్లాబులోనుండి అదే వేడి మూడు నాలుగు గంటలలో దిగివచ్చును. మధ్యాహ్నము త్రాగిన నిప్పును అది సాయంకాలము మొదలు మన నెత్తిన క్రుమ్మరించును. పంచాయతీ గది సంగతి యిదియే.

మిద్దెలను పడగొట్టినారని మిమ్ము తప్పుపట్టుటకు మాకు నోరు లేదు. మా మిద్దెను పడగొట్టి స్లాబు వేయించినది మేమే. ఏటేటా చౌడు పోయవలెను, వానకు కారును, తేళ్ళు చేరును, ఎవరికి ఓపిక? తీరా వేయించిన పిమ్మట మా తల్లిగారు ఆ వేసవి అంతయు పశువుల కొట్టములో మంచము వేయించుకొన్నారు. లోపలికి రమ్మన్నప్పుడెల్ల "కొత్త యింట్లో మీరుండండి నాయనా, నాకు ఈ దూడ తోడు చాలు" అనెడివారు. మరుసటి యేడు పైకప్పుకు సున్నము కొట్టించితిమి. అప్పుడు మంచము వసారాలోనికి వచ్చినది.

నవ్వి ఊరుకొను విషయము కాదిది. 2015 వేసవిలో దేశమున రెండు వేల మందికి పైగా వడగాడ్పులకు మరణించిరి; వారిలో అత్యధికులు మన తెలుగువారే. వడదెబ్బ పొలములోనే తగులునని తలంచుట పొరపాటు. కాగిన గదిలో ముసలివారికి పడుకొన్నచోటనే తగులును. గది వేడి 40 డిగ్రీలు దాటినపుడు పంకా కూడ వేడిగాలినే ఒంటికి కొట్టును.

అన్నిటికంటె ముందు పైకప్పును చూచుకొనుడు. జైసల్మేరులో సూర్యుడు ఎన్నడును సరిగా నడినెత్తికి రాడు. మనకు మే నెల ప్రాంతమున వచ్చును. కావున మన కప్పుపై పడు ఎండ తక్కువ కాదు. సున్నములో జిగురు కలిపి రెండు పూతలు వేసినచో ఎండలో ఎక్కువ భాగము తిరిగి ఆకాశమునకే పోవును. లోపల 2 మొదలు 5 డిగ్రీల వరకు తేడా కనబడును. దుమ్ము పట్టును గనుక ప్రతి యేడును వేయవలెను. 2023లో తెలంగాణ ప్రభుత్వము చల్లని పైకప్పులకై ప్రత్యేక విధానమును ప్రకటించినది ఇందుకే. రేకుల యిల్లైనచో రేకు క్రింద తడికె కట్టి నడుమ జానెడు ఖాళీ ఉంచుడు. రెండవది పడమటి గోడ. సాయంకాలపు ఎండ దానినే కాల్చును. అక్కడ చిక్కుడు పందిరి వేసిన నీడయు, కూరయు దక్కును.

వట్టివేళ్ళ తెరలు, కూలర్లు పొడిగాలి ఉన్నచోటనే పనిచేయును. అందులోను కూలరు పెట్టి కిటికీలన్నియు బిగించువారిని చూచుచున్నాము. తడిగాలి బయటకు పోవు దారి లేనిచో గది ఆవిరిపాత్ర యగును. సముద్రతీరమున ఉన్న బంధువులకు ఈ సలహా చెప్పకుడు. అక్కడి గాలి ముందే తడిసియున్నది. వారికి ఎదురెదురు కిటికీలే శరణ్యము.

రాత్రి కిటికీలు తెరువుమన్నచో దొంగలు, దోమలు అందురు. నిజమే. ఊచలును, దోమల వలయు బిగించుకొనుడు. ఒకసారి అగు ఖర్చే అది.

పంచాయతీ గది కప్పునకై సర్పంచిగారు సున్నము తెప్పించినారు. రేపు ఉదయము ఆరు గంటలకు, ఎండ రాకమునుపే, పని ఆరంభము. మేమును వచ్చెదము. చీపుర్లు మాత్రము ఎవరివి వారు తెచ్చుకొనవలెను.