మ్యూజియమునకు మొదటి కాపరి గ్రామమే
(మోత్కూరులో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



వానలు వెనుకపట్టినవి. బతుకమ్మ పండుగ ముగిసినది. వరి ఇంకను కోతకు రాలేదు. పల్లెలో పనిపాటల నడుమ కొంత తీరిక దొరకు దినములివి. దేశదేశములలోని మ్యూజియములు పెక్కు తమ ముఖ్య ప్రదర్శనలను ఈ శరత్కాలముననే జరుపుచుండును. మన దేశమున ఏటేట నవంబరు 19 నుండి 25 వరకు ప్రపంచ వారసత్వ వారోత్సవము జరుగును. ఆ దినములలో ఉపన్యాసములు, బడిపిల్లలకు చిత్రలేఖన పోటీలు, ఛాయాచిత్ర ప్రదర్శనలు ఏర్పాటు చేయుట వాడుక. వీధిదీపములు, మురుగు కాలువలు, మంచినీరు చూచుకొనవలసిన పంచాయతీకి వీనితో ఏమి పని యని మీరడుగవచ్చును. ఆ పని ఏదియో చెప్పుటకే మేము నేడు మీ యెదుట నిలచినాము.

మోత్కూరుకు తూర్పున, తిరుమలగిరి ప్రాంతములో ఫణిగిరి గ్రామము కలదు. అది నేడు సూర్యాపేట జిల్లాలోనిది. ఆ ఊరి గుట్టపై సుమారు రెండువేల ఏండ్ల నాటి బౌద్ధ స్తూపము, చైత్యగృహములు, భిక్షువులు నివసించిన విహారములు బయల్పడినవి. 1940 దశకములో నాటి హైదరాబాదు రాష్ట్ర పురావస్తు శాఖ అచ్చట త్రవ్వకములు జరిపినది. 2001 నుండి ఆ పని తిరిగి సాగినది. బొమ్మలు చెక్కిన తోరణపు దూలము, శాసనములు, శిల్పములు లభించినవి.

2023 జూలై 21 నుండి నవంబరు 13 వరకు అమెరికాలోని న్యూయార్కు నగరమున, మెట్రోపాలిటన్ మ్యూజియములో ప్రాచీన భారత బౌద్ధ కళా ప్రదర్శన జరిగినది. ఫణిగిరి శిల్పములు అందు చోటు చేసుకొన్నవి. పిదప ఆ ప్రదర్శన దక్షిణ కొరియా రాజధాని సియోలులోని జాతీయ మ్యూజియమునకు చేరి 2024 ఏప్రిల్ వరకు నడచినది. సముద్రముల కావలి జనులు మన పొరుగూరి రాతిని చూచుటకు వరుసలో నిలచినారు. మన మండలములో ఆ గుట్ట యెక్కి చూచిన వారెందరు? మన బడిపిల్లలలో ఆ పేరు విన్నవారెందరు? ఈ ప్రశ్నకు ప్రతి సభ్యుడును తన గ్రామమును తలచుకొని సమాధానము చెప్పుకొనవలెను.

ఫణిగిరిలోనే 2024లో ఒక మట్టికుండ దొరకినది. అందు 3,730 సీసపు నాణెములున్నవి. అవి ఇక్ష్వాకుల కాలపువని పండితులు నిర్ణయించినారు. ఒక్క విషయమును మీరు గమనింపవలెను. ఆ నాణెములను ఎవరైనను తీసి కరిగించి యుండినచో చేతికి వచ్చునది కొన్ని సేర్ల సీసము మాత్రమే. కుండ ఏ పొరలో నున్నది, దాని చుట్టు ఏమేమి యున్నవి యని చూచి, కొలిచి, వ్రాసికొన్నందుననే అవి ఆనాటి వర్తకమును గూర్చియు, గుట్టమీది విహారమును గూర్చియు సాక్ష్యము పలుకగలవు. దొరకిన చోటు తెలియని వస్తువు, ఊరు పేరు చెప్పలేని బాటసారి వంటిది. దానిని అద్దాల పెట్టెలో పెట్టవచ్చును గాని, దానిచేత మాట్లాడింపలేము.

కనుక మ్యూజియములో దీపము వెలిగించువాడు పట్నపు అధికారి యైనను, ఆ వస్తువును మొదట కాపాడువాడు పొలము దున్ను రైతు, చెరువు మట్టి యెత్తు కూలీ, గుట్టపై మేకలు కాయు పిల్లవాడు. 2015లో మిషన్ కాకతీయ ప్రారంభమైన పిదప ఎన్నో చెరువులలో పూడిక తీసినారు. ఇండ్లకు పునాదులు, రోడ్లకు మట్టి, గుట్టలకు క్వారీలు నిత్యము జరుగు పనులే. యంత్రపు తొట్టి ఒక్క దెబ్బతో వేయేండ్ల గురుతును చెరిపివేయగలదు. ఇది చాలదన్నట్లు, గుప్తనిధుల ఆశతో రాత్రివేళ పాడుబడిన గుడులను త్రవ్వి, లింగములను పెకలించి, వీరగల్లులను పగులగొట్టు దుర్మార్గము మన ప్రాంతమున నేటికిని మానలేదు. వీరగల్లు క్రింద బంగారముండదు. ఊరికొరకు, పసులమందకొరకు పోరి ప్రాణమిచ్చిన యొక మనుష్యుని జ్ఞాపకము మాత్రమే యుండును. ఆ రాయి పోయినచో అతనిని తలచువారు లేరు.

కాపాడిన చోట ఏమి మిగులునో చూపుటకు మన చెంతనే నిదర్శనములు కలవు. ఆలేరు దగ్గరి కొలనుపాకలో జైనాలయము ప్రసిద్ధమైనది. అచ్చటి సోమేశ్వరాలయ ప్రాంగణములో చాళుక్య, కాకతీయ కాలముల శిల్పములను చేర్చి భద్రపరచినారు. నల్లగొండ చెంత పానగల్లులో పచ్చల సోమేశ్వరాలయమున మరియొక మ్యూజియము కలదు. నాగార్జునసాగరము కట్టునపుడు లోయ యంతయు నీట మునుగునని తెలిసి, 1954 నుండి 1960 వరకు విస్తారముగా త్రవ్వకములు జరిపి, దొరకిన వానిని నాగార్జునకొండపై మ్యూజియములో నిలిపినారు. లోయ మునిగినది, దాని చరిత్ర మునుగలేదు.

ఇక పంచాయతీ చేయదగిన పనులను నాలుగింటిని మనవి చేయుచున్నాము.

మొదటిది: గ్రామములోని పాతగుడులు, శాసనములు, వీరగల్లులు, కోటగోడలు, పాత బావులు ఎక్కడెక్కడ నున్నవో ఒక పుస్తకములో వ్రాయించి, ప్రతిదానికి ఫోటో తీయించి కార్యాలయములో నుంచవలెను. పోయినదేదో తెలియవలెనన్న, ఉన్నదేదో ముందు తెలియవలెను.

రెండవది: త్రవ్వకములో ఏదైనను కనబడిన వెంటనే పని నిలిపి, వస్తువును కదలింపక, తహసీలుదారు ద్వారా కలెక్టరుకును, పురావస్తు శాఖకును తెలుపవలెను. కడుగరాదు, గీకరాదు. శాసనములపై సున్నమును, రంగును పూయుట భక్తి యని కొందరు తలచెదరు. రంగు నిండిన అక్షరమును చదువుట పండితులకును కష్టము.

మూడవది: సంవత్సరమున కొకమారు, ఈ తీరిక దినములలోనే, గ్రామస్థులను ఒక చోటికి తీసికొని పోవలెను. ఒక ఏడు ఫణిగిరి, ఒక ఏడు కొలనుపాక, ఒక ఏడు పానగల్లు. ఒక్క బస్సు చాలును. పిల్లలతోపాటు ముసలివారును, మహిళా సంఘముల వారును ఉండవలెను. వచ్చు సంగతిని ముందుగా తెలిపినచో, వివరించి చెప్పువారిని ఏర్పాటు చేయుమని కోరవచ్చును.

నాలుగవది: ఆ వారోత్సవములో బడిలోనే చిన్న ప్రదర్శన పెట్టవలెను. అటుకెక్కిన గొర్రు, జడ్డిగము, కుంచము, మానిక, విసురురాయి, మోటబొక్కెన ఇండ్లనుండి తెప్పించి, వాని పేరును, వాడుకను ముసలివారిచేత చెప్పించి పిల్లలచేత వ్రాయించుడు. చేర్యాల నకాషీ పటములను వ్రేలాడదీసి ఊరూర కథలు చెప్పిన కళాకారుల సంప్రదాయము మన ప్రాంతమునదే. పటము ఊరికి వచ్చి, ఊరిని కూర్చుండబెట్టి, చరిత్ర చెప్పినది. మ్యూజియమనగా నేమో తెలియక పూర్వమే మన పెద్దలు దాని పనిని చేసినారు.

వీనికి పెద్ద నిధులక్కరలేదు. ఒక పుస్తకము, ఒక బస్సు, ఒక తీర్మానము చాలును. రాబోవు గ్రామసభలో మొదటి పనిని గూర్చి తీర్మానము చేయుడని మా ప్రార్థన. పుస్తకములో మొదటి పుటపై వ్రాయదగిన రాయి మీ ఊరి చెరువుకట్టపైననో, బొడ్రాయి చెంతనో నేడును నిలచి యుండవచ్చును. వచ్చు వానాకాలమునకు ముందే దాని పేరు పుస్తకమున కెక్కవలెను.